అందని గాంధారం: పెద్ద వయసులో చెల్లో మొదలుపెట్టిన ఒక విద్యార్థిని కేస్ స్టడీ

ఈ విద్యార్థిని వయసు 47 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకులో ఆఫీసరుగా పనిచేస్తూ పటమటలో అద్దె ఫ్లాటులో ఉంటున్నారు. చిన్నప్పుడు గీతాల (మొదట్లో నేర్పే చిన్న పాటల) వరకు వయొలిన్ నేర్చుకుని, పదో తరగతి పరీక్షలప్పుడు పక్కన పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఒక పెళ్లి రిసెప్షనులో చెల్లో (కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే, వయొలిన్ కంటే చాలా పెద్ద వాద్యం) నాదం విని, అప్పటి నుంచి ఆ వాద్యం తప్ప మరొకటి వద్దని పట్టుబట్టి నా దగ్గరికి వచ్చారు. ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

నేను సత్యనారాయణపురంలో 26 ఏళ్లుగా వయొలిన్ చెబుతున్నాను. చెల్లో మద్రాసులో, సినిమా రికార్డింగులకు వాయించే ఒక పెద్దాయన దగ్గర మూడేళ్లు నేర్చుకున్నాను. ఈ ఊళ్లో వయొలిన్ మాస్టారు కావాలంటే వీధికొకరు దొరుకుతారు గాని, చెల్లో చెప్పేవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే. అందువల్ల చెల్లో నేర్పేటప్పుడు నాకు అలవాటైన వయొలిన్ పద్ధతినే నమ్ముకున్నాను. ఆమె మొదటి మూడు నెలల అవస్థకు మూలం ఆ నమ్మకమే.

వాద్యం, శ్రుతి

ఆమె కొనుక్కున్నది పూర్తి సైజు వాద్యం. పెట్టె పొడవు 75 సెంటీమీటర్లు, తీగ మోగే నిడివి 69 సెంటీమీటర్లు. నాలుగు తీగలను మంద్రం నుంచి పైకి పాశ్చాత్య స్వరాల పేర్లతో సి, జి, డి, ఎ అని శ్రుతి చేస్తారు. ఏ తీగను స అనుకున్నా దాని పై తీగ పంచమం, అంటే ప, అవుతుంది. మేము డి తీగను షడ్జంగా (స), ఎ తీగను పంచమంగా పెట్టుకున్నాం, అంటే మన లెక్కలో రెండు శ్రుతి. వయొలిన్ మాదిరిగా నాలుగు తీగలనూ స ప స ప అని సవరించుకోవాలంటే పై రెండు తీగలను ఒక్కో స్వరం దించితే సరిపోతుంది. అయితే బిగువు తగ్గిన తీగ కొత్తవాళ్ల కమాను కింద గరగరలాడుతుంది. పైగా ఆమెకు పాశ్చాత్య స్వరలిపి కూడా చదవాలని కోరిక ఉంది కాబట్టి శ్రుతి జోలికి పోలేదు.

నేల మీద కూర్చుని వాయించవచ్చా అని మొదటి రోజే అడిగారు. ప్రశ్న సబబైనదే. కర్ణాటక సంగీత విద్వాంసుడు బాలుస్వామి దీక్షితార్ కాలంలో, అంటే సుమారు రెండు వందల ఏళ్ల కిందట, వయొలిన్ మన సంగీతంలోకి వచ్చాక దాన్ని పట్టే తీరే మారిపోయింది. భుజానికీ గడ్డానికీ మధ్య ఇరికించి పట్టే వాద్యాన్ని మనవాళ్లు పాదం మీద ఆనించి కూర్చున్నారు, దాంతో ఎడమ చెయ్యి గమకాలకు (స్వరాన్ని ఊపడం, జార్చడం) స్వేచ్ఛగా జారగలిగింది. హిందుస్తానీలో చెల్లో విద్వాంసురాలు సాస్కియా రావు డి హాస్ నేల మీద కూర్చుని వాయించడానికి వీలుగా చెల్లోనే మార్పించుకున్నారు. కాని ఈమె చేతిలో ఉన్నది మార్పు చెయ్యని వాద్యం. ఆ ప్రయోగం మొదటి ఏడాది వద్దని చెప్పాను, ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

ఫిర్యాదు

మూడో వారం నుంచి మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే స రి గ మ ల తొలి సాధన వరుసలు, మొదలుపెట్టించాను. పురందరదాసు ఏర్పరచినవిగా సంప్రదాయం చెప్పే వరుస అది, నేను నేర్చుకున్నదీ నా విద్యార్థులందరికీ నేర్పుతున్నదీ అదే, దానికి ప్రత్యామ్నాయం ఉండవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. షడ్జం ఖాళీ తీగ, శుద్ధ రిషభం (స కి అతి దగ్గరి రి) చూపుడు వేలు, అంతర గాంధారం (మ కి అతి దగ్గరి గ) ఉంగరం వేలు, మధ్యమం చిటికెన వేలు. పంచమం పై తీగ, అక్కడి నుంచి మళ్లీ అవే వేళ్లు.

రిషభం బాగానే పలికేది. గాంధారం ప్రతిసారీ దిగువగా పడేది, మధ్యమం ఇంకా దిగువగా. ఆరో వారానికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది, తొమ్మిదో వారానికి స్కూటరు తాళం తిప్పినా, ఆఫీసులో ఎక్కువసేపు కీబోర్డు మీద పనిచేసినా ఆ నొప్పి తెలిసేది.

ఇది పాత వయొలిన్ అలవాటని నేను తేల్చేశాను. వయొలిన్ మీద గాంధారానికి మధ్య వేలు, మధ్యమానికి ఉంగరం వేలు వాడతాం. చెల్లో మీద పక్కపక్క వేళ్ల మధ్య అర స్వరం (స నుంచి పై స వరకు ఉన్న పన్నెండు మెట్లలో ఒకటి) దూరమే ఉంటుంది కాబట్టి అవే స్వరాలకు ఒక్కో వేలు ముందుకు జరగాలి. చిన్నప్పటి చెయ్యి మధ్య వేలితో గాంధారాన్ని వెతుక్కుంటోందని అనుకున్నాను. మొదటి రెండు వారాల్లో అది నిజమే కూడా, తప్పు నిర్ధారణకు అదే బలం ఇచ్చింది. రోజూ గాంధారాన్ని నలభై సార్లు వాయించమన్నాను. వేళ్లతో తీగలు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు మీద స్వరాల దగ్గర తెల్ల స్టిక్కర్లు అంటించాను. ఆమె శ్రద్ధగా నలభైకి నలభై వాయించారు, నొప్పి పెరిగింది.

ఒక రోజు పాఠం మధ్యలో కమాను ఒళ్లో పెట్టుకుని, ‘మాస్టారూ, గాంధారం ఎక్కడుందో నాకు వినపడుతూనే ఉందండీ, వేలే అక్కడిదాకా పోవటం లేదు’ అన్నారు. వినపడని విద్యార్థి సమస్య వేరు, వినపడినా వేలు అందని విద్యార్థి సమస్య వేరు. ఆ మాట తొమ్మిది వారాల ముందే నేను అడిగి తెలుసుకోవలసింది.

టేపు పెట్టి కొలిచిన సాయంత్రం

మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి, డి తీగ మీద, తీగ బిరడాల వైపు ఆనే నట్ నుంచి ఒక్కో స్వరం దూరం కొలిచాను. శుద్ధ రిషభం 3.9 సెంటీమీటర్ల దగ్గర, దానికి అర స్వరం పైన ఉండే చతుశ్శ్రుతి రిషభం 7.5 దగ్గర, అంతర గాంధారం 14.2 దగ్గర, శుద్ధ మధ్యమం 17.3 దగ్గర ఉన్నాయి. అంటే మాయామాళవగౌళలో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య 13 సెంటీమీటర్ల పైచిలుకు దూరం. వయొలిన్ మీద ఇదే దూరం ఆరు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే, పైగా అక్కడ దాన్ని మూడు వేళ్లే పంచుకుంటాయి.

తర్వాత ఆమె చేతిని బల్ల మీద పెట్టించి, వేళ్లు గుండ్రంగా వంచి, గట్టిగా సాగదియ్యకుండా చూపుడు వేలి కొస నుంచి చిటికెన వేలి కొస వరకు కొలిచాను. పది సెంటీమీటర్లు వచ్చింది. చతుశ్శ్రుతి రిషభం నుంచి మధ్యమం వరకు ఉన్న దూరమూ దాదాపు అంతే. చెల్లో మీద కొత్తవారి చేతికి సహజంగా అందేది ఆ మేరకే. అందులో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య మూడు అర స్వరాలు ఉంటాయి, మాయామాళవగౌళ అడిగేది నాలుగు. ఆ నాలుగోది చెల్లో విద్యలో ప్రత్యేక పాఠం, చూపుడు వేలిని వెనక్కి చాచే ఆ పద్ధతిని సాధారణంగా చెయ్యి స్థిరపడ్డాకే నేర్పిస్తారు. మద్రాసులో మా గురువుగారు కూడా నాకు చాలా నెలల తర్వాతే నేర్పారు. మొదటి మెట్టు అనుకుని ఆమెను నేను ఏడో మెట్టు మీద నిలబెట్టాను.

బొటనవేలి నొప్పికి కారణం కూడా అప్పుడే బోధపడింది. నాలుగు వేళ్లూ శక్తికి మించి సాగినప్పుడు చెయ్యి జారిపోకుండా బొటనవేలు వెనక నుంచి పట్టకారులా బిగుసుకుంటుంది. వాయిస్తుండగా వాద్యం మెడ వెనక్కి వంగి చూస్తే గోరు తెల్లగా పాలిపోయి ఉంది. తొమ్మిది వారాలు నేను ముందు వైపు కూర్చుని వేళ్లు మాత్రమే చూశాను.

ఎముకల డాక్టరుకు చూపించుకోమన్నాను. కండరం అలిసిందని చెప్పి రెండు వారాలు ఎడమ చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు. ఆ రెండు వారాలూ ఖాళీ తీగల మీద కమాను ఒక్కటే సాధన చేయించాను. తంబుర పెట్టుకుని, ఒక కమాను నాలుగు అక్షరాల కాలం సాగేలా, తీగలను మోసే బ్రిడ్జికీ ఫింగర్‌బోర్డుకీ నడుమ ఒకే దారిలో. మంద్ర తీగ మీద కమాను నెమ్మదించాలనీ, పై తీగ మీద కాస్త వేగం కావాలనీ ఆమె సొంతంగా పట్టుకున్నారు. వాద్యం మార్చే ఆలోచన కూడా చేశాం. ముప్పాతిక సైజు చెల్లో తీగ నిడివి సుమారు 62 సెంటీమీటర్లు. లెక్క వేస్తే దాని మీద కూడా రిషభం నుంచి మధ్యమానికి 12 సెంటీమీటర్లు వచ్చింది, కాబట్టి ఆ ఖర్చు వద్దనుకున్నాం.

రాగం మార్చడం

విశ్రాంతి తర్వాత సరళీ స్వరాలను శంకరాభరణంలోకి మార్చాను. చతుశ్శ్రుతి రిషభం చూపుడు వేలు, అంతర గాంధారం ఉంగరం వేలు, మధ్యమం చిటికెన వేలు. పై తీగ మీద ధైవత నిషాదాలకూ తారషడ్జానికీ సరిగ్గా అవే వేళ్లు, అదే దూరం. చెయ్యి ఎక్కడా సాగనక్కర్లేదు. మొదటి రోజే స నుంచి స వరకు శ్రుతిలో వాయించి, కాసేపు మాట్లాడలేదు.

ఈ మార్పును తోటి వయొలిన్ ఉపాధ్యాయులు ఒకరిద్దరు ఒప్పుకోలేదు. మాయామాళవగౌళలో పూర్వాంగమూ (స రి గ మ) ఉత్తరాంగమూ (ప ద ని స) అద్దంలా సరిపోలడం, పక్కపక్క స్వరాల మధ్య అతి దగ్గరా అతి దూరమూ రెండూ ఉండడం వల్ల చెవికి మంచి శిక్షణ దొరుకుతుందని వారి వాదన. గొంతు విషయంలో, వయొలిన్ విషయంలో ఆ వాదనను నేను ఇప్పటికీ సమర్థిస్తాను. 69 సెంటీమీటర్ల తీగ మీద మాత్రం చెవికి వచ్చే లాభం కంటే చేతికి పడే నష్టం ఎక్కువ. రెండు అంగాలు సరిపోలే గుణం శంకరాభరణానికీ ఉంది.

బొటనవేలికి వేరే చికిత్స కావలసి వచ్చింది. పాత ఆర్టీసీ టికెట్టును బొటనవేలికీ వాద్యం మెడకీ మధ్య పెట్టి, సరళీ స్వరాలు వాయిస్తుండగా నేను నెమ్మదిగా లాగేవాణ్ని. మొదటి రోజు టికెట్టు చిరిగిపోయింది. వారం తర్వాత ప్రయాసతో వచ్చింది. నాలుగో వారానికి ఆమెకు తెలియకుండానే జారి నా చేతికి వచ్చేది. బొటనవేలు మధ్య వేలికి ఎదురుగా ఊరికే ఆనుకుని ఉండాలి. తీగను నొక్కే బలం మోచేతిని కాస్త వెనక్కి లాగే భుజం బరువు నుంచి రావాలి. ఆ లాగుడుకు ఎదురుగా వాద్యాన్ని ఆమె రొమ్ము, మోకాళ్లు నిలుపుతాయి.

అక్కడ కుర్చీ సంగతి బయటపడింది. నా దగ్గర చెక్క కుర్చీ మీద కుదురుగా ఉన్న చెయ్యి ఇంట్లో మళ్లీ బిగుసుకుంటోందంటే వీడియో పంపమన్నాను. ప్లాస్టిక్ కుర్చీ, సీటు వెనక్కి వాలి ఉంది, మోకాళ్లు తుంటి కంటే పైకి లేచాయి, పైగా వాద్యం కింది ఇనుప పుల్ల నున్నటి టైల్స్ మీద జారుతుంటే ఆమె చెల్లోను ఎడమ చేత్తోనే పట్టుకుని ఆపుతున్నారు. చేతులు లేని డైనింగు కుర్చీ వెతికించాను. జారుడుకు నవారు ముక్క మందు అయింది. ఒక కొసను కుర్చీ ముందు కాలుకు కట్టి, రెండో కొసలో చిన్న కన్నం కాల్చి, అందులో పుల్ల మొన గుచ్చించాను. అప్పటికే రెండు టైల్స్ మీద గాట్లు పడ్డాయి, ఇంటి ఓనరు ఇంకా గమనించలేదట.

స్టిక్కరు తప్పు

ఐదో నెలలో మరో చిక్కు. చెయ్యి స్థిరపడింది, నొప్పి లేదు, అయినా గాంధారం నా తెల్ల స్టిక్కరుకు కొద్దిగా వెనకే పడేది. రోజూ ఒకేచోట. ‘ఇంకొంచెం ముందుకు, అమ్మా’ అని నేను, ‘అక్కడ తంబురతో కలవట్లేదండీ’ అని ఆమె. రెండు పాఠాలు ఇదే వాదన నడిచింది. మూడోసారి స్టిక్కరు చూడకుండా కళ్లు మూసుకుని విన్నాను. ఆమె వేలు సరిగ్గా తంబురలోంచి వినపడే గాంధారం మీదే ఉంది.

స్టిక్కర్లను నేను ఫోనులో ట్యూనర్ యాప్ చూసి అంటించాను. ఆ యాప్ పియానో లెక్కన అష్టకాన్ని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన భాగాలు చేసి కొలుస్తుంది. ఆ లెక్కలో గాంధారం షడ్జానికి 400 సెంట్ల పైన ఉంటుంది. షడ్జ నాదంలోంచి సహజంగా పుట్టే గాంధారం, అంటే అయిదుకు నాలుగు నిష్పత్తిలో ఉండేది, 386 సెంట్ల దగ్గర ఉంటుంది. విజయవాడలో సెంటు అనగానే అందరికీ స్థలాలే గుర్తొస్తాయి, ఇది అర స్వరంలో నూరో వంతు. వయొలిన్ మీద ఈ 14 సెంట్ల తేడా రెండు మిల్లీమీటర్లు, వేలి కొస వెడల్పులో కలిసిపోతుంది. చెల్లో మీద ఆ స్థానంలో అది నాలుగు మిల్లీమీటర్ల పైనే, స్పష్టంగా కంటికి కనపడుతుంది. ఆ రోజు గాంధార నిషాదాల స్టిక్కర్లు గీకేశాను. రిషభం, మధ్యమం దగ్గరవి ఇంకో రెండు నెలలు ఉంచాను.

ఇక వేసవి. మే నెల ఎండలో కారు డిక్కీలో గంటసేపు ఉన్న వాద్యానికి కింది పలక అంచు దగ్గర జిగురు విడిచి సన్నటి బీట వచ్చింది. వాద్యాల పెట్టెలను వేడికి కరిగే జిగురుతో అతికించడం ఆనవాయితీ, మరమ్మతుకు విప్పడానికి వీలుగా. ఇక్కడ అతికించే వారు లేక మద్రాసు పంపాం, మూడు వారాలు పోయాయి. వర్షాకాలంలో తేమకు బిరడాలు ఉబ్బి తిరగలేదు. ఇప్పుడు పెట్టెను కూలరుకూ కిటికీకీ దూరంగా, లోపలి గదిలో ఉంచుతున్నారు.

మళ్లీ మాయామాళవగౌళ

ఎనిమిదో నెలలో తిరిగి వచ్చాం, ఈసారి వెనక తలుపు నుంచి. ముందు మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు తమ స్థానాల్లో మధ్యమం వరకు కూర్చుంటాయి, బొటనవేలు మధ్య వేలి కిందే ఉంటుంది. తర్వాత చూపుడు వేలు ఒక్కటే నిటారుగా చాచుకుని వెనక్కి, శుద్ధ రిషభం దగ్గరికి పోతుంది. సాగేది చూపుడు, మధ్య వేళ్ల నడుమ ఉన్న ఆ ఒక్క సందు మాత్రమే. అందుకే ఆరోహణలో కాకుండా అవరోహణలో మొదలుపెట్టించాను. మ, గ కుదురుకున్నాక రిషభానికి చాచడం, రిషభం పట్టుకుని గాంధారానికి ఎగబాకడం కంటే తేలిక. రోజుకు పది నిమిషాలు, బొటనవేలు తెల్లబడితే అక్కడితో ఆపెయ్యడం. ఆరు వారాలకు ఆరోహణ కూడా వచ్చింది.

ప్రస్తుతం పద్నాలుగు నెలలు పూర్తయ్యాయి. జంట స్వరాలు (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే సాధన) రెండు వేగాల్లో వాయిస్తున్నారు, మలహరి రాగంలో రెండు గీతాలు పూర్తయ్యాయి. మలహరి ఆరోహణలో గాంధారం లేదు కాబట్టి రిషభం నుంచి నేరుగా మధ్యమానికి పోవాలి, చూపుడు వేలి నుంచి చిటికెన వేలికి. విలంబంలో, అంటే నెమ్మది నడకలో శ్రుతి నిలుస్తోంది, కాస్త వేగమైన మధ్యమ కాలంలో మధ్యమం ఇంకా మూడింట ఒకసారి దిగువగా పడుతోంది. సి తీగ మీద చిటికెన వేలికి బలం చాలదు, అక్కడ స్వరం మోగే బదులు గీరుకుంటుంది. చాచిన చూపుడు వేలితో శుద్ధ రిషభాన్ని గమకంతో కదిలించడం ఇద్దరికీ కుదరలేదు. వేలు సాగి ఉండగా మణికట్టు ఊగదు, చెయ్యి మొత్తం వెనక్కి జరిపితే మధ్యమం చేజారుతుంది. అందుకని గీతాల్లో రిషభాన్ని ప్రస్తుతానికి కదిలించకుండానే వాయించమన్నాను, చెయ్యి మొత్తాన్ని జార్చి ఆ గమకం పట్టే ఉపాయం ఏదైనా ఉందేమోనని నా చెల్లో మీద నేను రాత్రిపూట వెతుకుతున్నాను.